న్యూజెర్సీలో ఇళ్ళు అమ్మే లైసెన్స్ తెచ్చుకున్నాను

మా నాన్న బెజవాడ శివార్లలో 200 గజాల స్థలం కొన్నప్పుడు నాకు పన్నెండేళ్ళు. రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రం వీధిలో అందరికీ లడ్డూలు పంచాం. నాలుగేళ్ళకి పునాదులు తీద్దామని వెళ్తే అక్కడ ఎవరివో హద్దురాళ్ళు పాతి ఉన్నాయి. అదే స్థలం మాకంటే ముందే ఇంకొకరికి రిజిస్టరై ఉంది. రెండు వైపులా కమిషన్ పుచ్చుకున్న బ్రోకరు అప్పటికి ఊళ్ళో లేడు. నాన్న పదకొండేళ్ళు కోర్టుకి తిరిగారు. స్థలం రాలేదు, డబ్బూ రాలేదు. స్థలం మీద పాత లావాదేవీలు చూపే ఈసీ ఇంకో పదేళ్ళు వెనక్కి తీయించి ఉంటే అప్పుడే బయటపడేదని మా బాబాయి ఇప్పటికీ అంటాడు. నాన్న ఏమీ అనరు.

అందుకే 2021లో ఎడిసన్‌లో మేం ఇల్లు కొంటున్నప్పుడు నాకు కాగితాలంటే భయం. ఫోనుకి ఒక లింకు వచ్చింది. పసుపు గుర్తులున్న చోటల్లా వేలితో నొక్కుతూ పోతే సంతకాలైపోతాయి. మా ఆయన నొక్కబోతుంటే ఆపాను. ఆ రాత్రి పిల్ల పడుకున్నాక కూర్చుని పేజీ పేజీ చదివాను. సగం అర్థం కాలేదు. మర్నాడు మా ఏజెంటుని అడిగితే, "అవన్నీ మామూలేనండీ, అందరూ పెట్టేసేవే" అన్నారు. మనిషి మంచివారే. కానీ జీవితంలో అంత పెద్ద మొత్తం ఎప్పుడూ ఖర్చుపెట్టని మాకు ఆ జవాబు సరిపోలేదు.

చివరికి మా లాయరు ఇరవై నిమిషాలు ఓపిగ్గా చెప్పారు. న్యూజెర్సీలో ఏజెంటు రాసిన ఇంటి ఒప్పందం మీద ఇరుపక్షాలూ సంతకాలు పెట్టాక, అది చేతికందిన దగ్గర్నుంచి మూడు పనిదినాల లోపు లాయరు దాన్ని చదివి మార్పులు అడగొచ్చు, అసలు వద్దని రద్దు కూడా చేయొచ్చు. 1983లో ఈ రాష్ట్ర సుప్రీంకోర్టు దాకా వెళ్ళిన వ్యవహారంతో వచ్చిన ఏర్పాటు ఇది. లాయర్లు కానివాళ్ళు ఒప్పందాలు రాయొచ్చా అన్నది తగాదా. రాయొచ్చు, కానీ కొనేవాళ్ళకీ అమ్మేవాళ్ళకీ లాయరు చేత చదివించుకునే గడువు ఉండాలి అని తేలింది. ఈ ఒక్క మాట ఏజెంటు ముందే చెప్పి ఉంటే ఆ రాత్రి నేను నిద్రపోయేదాన్ని.

ఆ మాట చెప్పే మనిషిని నేనే ఎందుకు కాకూడదు అనిపించింది.

వెంటనే మొదలుపెట్టే వీలు లేదు. నేను హెచ్4 మీద ఉన్నాను, అంటే హెచ్1బీ పని వీసా ఉన్నవాళ్ళ భార్యకో భర్తకో ఇచ్చే వీసా. మా ఆయనలా గ్రీన్ కార్డు పిటిషన్ ఆమోదమైనవాళ్ళ భార్యలకి పని అనుమతి కార్డు 2015 నుంచి ఇస్తున్నారు కానీ, అది చేతికి వచ్చేదాకా సోషల్ సెక్యూరిటీ నంబరు కూడా ఉండదు. నా కార్డు 2023 వసంతంలో వచ్చింది. ఆ కార్డు మీద సొంతంగా పని చేసుకోవచ్చు కాబట్టి ఇళ్ళ ఏజెంటుగా కమిషన్ మీద పని చేయడానికి అడ్డు లేదు. ఇది విని మా ఆయన స్నేహితులు ఇద్దరు ముగ్గురు, "మేమూ సైడుగా చేసుకోవచ్చా?" అని అడిగారు. హెచ్1బీ మీద ఉన్నవాళ్ళు పరీక్ష రాయడం వేరు, కమిషన్ సంపాదించడం వేరు. ఆ వీసా కంపెనీతో కట్టుబడి ఉంటుంది. ముందు ఇమ్మిగ్రేషన్ లాయరుని అడగండి అని వాళ్ళకి చెప్పాను, ఇక్కడా అదే చెప్తున్నాను. ఇంట్లో అందరి స్టేటస్ దాని మీద ఆధారపడి ఉంటుంది.

లైసెన్స్‌కి కావాల్సినవి చెప్పుకుంటే తక్కువే. పద్ధెనిమిదేళ్ళు నిండాలి, హైస్కూలు చదువు ఉండాలి, అంటే మన ఇంటర్ దాకా. డిగ్రీ అక్కర్లేదు. గుర్తింపు ఉన్న స్కూల్లో 75 గంటల కోర్సు చేసి అక్కడి పరీక్ష పాసవ్వాలి. తర్వాత రాష్ట్ర పరీక్ష. తర్వాత మనల్ని చేర్చుకునే బ్రోకరు ఒకరు కావాలి, ఎందుకంటే సేల్స్‌పర్సన్ లైసెన్స్ ఒంటరిగా పనికిరాదు, ఎవరో ఒక బ్రోకరు కిందే పని చేయాలి. వేలిముద్రలు ఇవ్వాలి. ఇదంతా కోర్సు పూర్తయిన ఏడాది లోపు ముగించకపోతే కోర్సు మళ్ళీ మొదటికే. లైసెన్స్ ఇచ్చేది ట్రెంటన్‌లోని రియల్ ఎస్టేట్ కమిషన్, రాష్ట్ర బ్యాంకింగ్, ఇన్సూరెన్స్ శాఖ కింద ఉంటుంది.

నేను సాయంత్రం క్లాసులు ఎంచుకున్నాను. ఫీజు 400 డాలర్ల లోపే అయింది. ఆన్‌లైన్‌లో కూడా చేయొచ్చు కానీ ఇంట్లో కూర్చుంటే పిల్ల, వంట, ఫోన్లు. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి పిల్లని చూసుకుంటే నేను ఆరున్నరకి క్లాసులో ఉండేదాన్ని. మొత్తం పద్ధెనిమిది మందిమి. ఒక రిటైర్డ్ పోలీసు, ఇద్దరు బ్యాంకు టెల్లర్లు, అప్పుడే హైస్కూలు దాటిన కుర్రాడు, పెళ్ళిళ్ళకి పూల అలంకరణ చేసే ఒక గుజరాతీ ఆంటీ. ఆవిడా నేనూ పక్కపక్కన కూర్చునేవాళ్ళం. ఆవిడ తెప్లాలు తెచ్చేది, నేను పులిహోర.

మా మాస్టారు నలభై ఏళ్ళు ఈ పని చేసి మానేసిన పెద్దాయన. రెండో రోజు ఒక పెన్సిళ్ళ కట్ట రబ్బరు బ్యాండు వేసి తెచ్చారు. బల్ల మీద పెట్టి, "ఇది ఇల్లు అనుకోండి" అన్నారు. అందరం చూస్తున్నాం. ఆయన ఒక పెన్సిల్ లాగి పూలావిడ చేతిలో పెట్టారు. "ఇది కింద ఉన్న ఖనిజాల హక్కు. ఈవిడకి అమ్మేశాను." ఇంకోటి లాగి పోలీసాయనకి ఇచ్చారు. "ఇది దారి హక్కు. ఈయన నా పెరట్లోంచి నడిచి వెళ్ళొచ్చు." ఇంకోటి నాకిచ్చారు. "ఇది కాపురముండే హక్కు. ఏడాదికి అద్దెకిచ్చాను." చివరికి ఆయన చేతిలో మూడో నాలుగో మిగిలాయి. "ఇప్పుడు నేను ఇల్లు అమ్ముతానంటే మీరు కొనేది ఇదే, మిగిలిన పెన్సిళ్ళు. ఏవేవి లేవో మీకు చెప్పాల్సిన మనిషి ఎవరు?"

మా నాన్న కొన్న స్థలంలో ఒక్క పెన్సిల్ కూడా మిగల్లేదు. ఆ రాత్రి కారులో చాలాసేపు కూర్చుని గానీ బయల్దేరలేకపోయాను.

ఆ కోర్సులో నాకు బాగా వచ్చింది లెక్క. ఎకరం అంటే 43,560 చదరపు అడుగులు అని మాస్టారు బోర్డు మీద రాసి, ఇది బట్టీ పట్టండి, వేరే దారి లేదు అన్నారు. నాకు బట్టీ పట్టే పని లేకపోయింది. ఎకరానికి 4,840 గజాలని మా తాతయ్య దగ్గర చిన్నప్పుడే నేర్చుకున్నాను. గజానికి తొమ్మిది చదరపు అడుగులు, గుణిస్తే అదే 43,560. సెంటుకి 48.4 గజాలు, వంద సెంట్లు ఎకరం. ఇది బోర్డు దగ్గరికి వెళ్ళి వేసి చూపిస్తే మాస్టారు చాలా సంతోషించారు. తర్వాత క్లాసులో కూడా ఆ దారే చెప్పారట.

బాగా కష్టమైంది పదాలు. లెసర్, లెసీ. గ్రాంటర్, గ్రాంటీ. మార్ట్‌గేజర్, మార్ట్‌గేజీ. చివర్లో 'అర్' వస్తే ఇచ్చేవాడు, 'ఈ' వస్తే పుచ్చుకునేవాడు అని మాస్టారు చెప్పారు. మొదటి రెండూ సులువే: ఒకటి అద్దెకివ్వడం, ఇంకోటి ఆస్తి రాసివ్వడం. మూడో దగ్గర అందరం తప్పేవాళ్ళం. అప్పిచ్చేది బ్యాంకు కదా, మరి మార్ట్‌గేజర్ బ్యాంకు ఎందుకు కాదు? ఒకరోజు పప్పు తాలింపు వేస్తూ దీన్ని తెలుగులో అనుకున్నాను: బ్యాంకు ఇచ్చేది అప్పు, మనం ఇచ్చేది తాకట్టు. మార్ట్‌గేజ్ అంటే అప్పు కాదు, తాకట్టు. తాకట్టు పెట్టేది మనమే. మన ఊళ్ళల్లో గొలుసు కుదవ పెట్టిన వాళ్ళెవరికీ ఈ అనుమానం రాదు. ఆ తర్వాత ఎంత ఇంగ్లీషు పదమొచ్చినా ముందు తెలుగులో దానికి సాటి ఏమిటా అని వెతుక్కునేదాన్ని. చెయిన్ ఆఫ్ టైటిల్ అంటే లింకు డాక్యుమెంట్లు. ఎర్నెస్ట్ మనీ అంటే బయానా. ఎన్‌కంబరెన్స్ అయితే అదే మాట, మన ఈసీలో మొదటి అక్షరం అదేగా.

ఏజెంటుకి తన కక్షిదారు పట్ల ఉండే బాధ్యతల్ని 'ఓల్డ్ కార్' అనే గుర్తుతో నేర్పుతారు: చెప్పిన మాట వినడం, వాళ్ళ పక్షాన నిలబడడం, తెలిసింది దాచకపోవడం, డబ్బుకి లెక్క చెప్పడం, గుట్టు బయటపెట్టకపోవడం, జాగ్రత్తగా పని చేయడం. ఇందులో గుట్టు మాట అన్నిటికన్నా బరువైంది. ఒప్పందం ముగిసినా, పదేళ్ళు గడిచినా అది పోదు. అమ్మేవాళ్ళు విడాకులు తీసుకుంటున్నారనీ అందుకే తొందర పడుతున్నారనీ నాకు తెలిసి, నేను అమ్మేవాళ్ళ ఏజెంటునైతే, అది కొనేవాళ్ళ చెవిన పడకూడదు. ఇంటి పైకప్పు కారుతోందని తెలిస్తే మాత్రం అది దాచడానికి వీల్లేదు. మనుషుల గుట్టు, ఇంటి లోపం రెండూ వేరు.

ఇక నన్ను లోపలి నుంచి కదిలించిన పాఠం ఒకటుంది. 1968 ఏప్రిల్ 4న మార్టిన్ లూథర్ కింగ్‌ని కాల్చి చంపారు. సరిగ్గా వారానికి, 11వ తేదీన ఫెయిర్ హౌసింగ్ చట్టం మీద సంతకమైంది. న్యూజెర్సీకి అయితే 1945 నుంచే తన సొంత వివక్ష నిరోధక చట్టం ఉంది. రంగు, జాతి, మతం, పుట్టిన దేశం, కుటుంబంలో పిల్లలుండడం, అంగవైకల్యం, ఇక్కడైతే అద్దె కట్టే డబ్బు ప్రభుత్వ సాయంగా రావడం కూడా, వీటిలో దేన్నిబట్టీ మనిషికి ఇల్లు కాదనకూడదు. కాదనడం ఒక్కటే కాదు, దారి మళ్ళించడం కూడా చట్టవిరుద్ధమే. దాన్ని స్టీరింగ్ అంటారు. "మీకు ఆ ఏరియా నచ్చదండీ, మీవాళ్ళు ఇటు ఎక్కువ" అని ఏజెంటు మంచితనంతో అన్నా అది తప్పే.

ఇది విన్న రాత్రి నేను గత వారం నా ఫోనుకి వచ్చిన మెసేజ్‌లు మళ్ళీ చదివాను. కోర్సు చేస్తున్నానని తెలిసి అప్పటికే నలుగురు అడిగారు. "అక్కా, మనవాళ్ళు ఎక్కువ ఉండే చోట చూసి పెట్టు." "వదినా, ఆ స్కూల్లో ఎవరెవరి పిల్లలుంటారు?" ప్రేమగా అడిగిన మాటలే. దేశం కాని దేశంలో పండక్కి పిలిచేవాళ్ళు పక్కన ఉండాలని ఎవరికి ఉండదు? కానీ రేపు లైసెన్స్ చేతిలో ఉన్నాక ఆ ప్రశ్నకి నేను జవాబు చెప్పకూడదు. మరి ఏం చెప్పాలి?

మర్నాడు మాస్టార్ని అడిగాను. మావాళ్ళు తూర్పు ముఖం ఇల్లు కావాలంటారు, అదీ తప్పేనా అని. ఆయన కాసేపు ఆలోచించి, "గుమ్మం ఎటుందన్నది ఇంటి గురించి. చుట్టూ ఎవరున్నారన్నది మనుషుల గురించి. ఇంటి గురించి ఎంతైనా చెప్పు. మనుషుల గురించి నీ నోటితో చెప్పకు" అన్నారు.

ఆ గీత నాకు ఇవాళ్టికీ పనికొస్తోంది. తూర్పు గుమ్మం, ఈశాన్యంలో బాత్రూం లేకుండా అంటే అన్నీ వెతికి చూపిస్తాను, దిక్సూచి నా బ్యాగులోనే ఉంటుంది. బ్రిడ్జ్‌వాటర్ గుడికి ఎంత దూరమంటే మ్యాపులో కలిసి చూస్తాం. స్కూలు గురించి అంటే రాష్ట్ర విద్యాశాఖ ఏటా పెట్టే నివేదికలు ఎక్కడ చూడాలో చెప్తాను. పక్కింటివాళ్ళు ఎవరంటే, "సాయంత్రం ఆరింటికి ఆ వీధిలో ఒకసారి నడిచి రండి, మీకే తెలుస్తుంది" అంటాను. మొదట్లో ఒకరిద్దరు నొచ్చుకున్నారు, మనలో మనకి దాపరికమేంటని. ఒకావిడ తన బేస్‌మెంట్‌తో సహా ఉన్న ఇల్లు అద్దెకివ్వాలని, "మనవాళ్ళకే చూడమ్మా" అన్నారు. అలా చూడలేనని చెప్పి, అద్దెకిచ్చే ప్రతి యజమానికీ మేం ఇవ్వాల్సిన అటార్నీ జనరల్ పత్రం ఆవిడ చేతికిచ్చాను. అందులో ఈ చట్టమంతా ఉంటుంది. ఆవిడ నాకు ఆ ఇల్లు ఇవ్వలేదు. పోనీ. ఇదే ఊళ్ళో మన పేర్లు ఫోన్లో వినగానే ఇల్లు ఖాళీ లేదని చెప్పించుకున్న రోజులు మనకీ ఉన్నాయి కదా.

స్కూలు పరీక్ష సులువుగానే అయింది. రాష్ట్ర పరీక్ష పీఎస్ఐ అనే సంస్థ సెంటర్లలో పెడుతుంది. 110 ప్రశ్నలు, నాలుగు గంటలు. 80 దేశమంతటికీ వర్తించేవి, 30 న్యూజెర్సీ చట్టం మీద. నూటికి 70 రావాలి, అంటే 77 ఒప్పులు. ఫోను, వాచీ, పర్సు లాకర్లో పెట్టించి, చెవుల వెనక కూడా చూసి లోపలికి పంపారు. సెప్టెంబరులో రాశాను. మూడు గంటలకే ముగించి బటన్ నొక్కాను. 75 ఒప్పులు. రెండు తక్కువ.

పార్కింగులో కూర్చుని ఏడ్చాను. ఆ వారమంతా పుస్తకం ముట్టలేదు. మా ఆయన ఏమీ అనకుండా రోజూ తనే పిల్లకి అన్నం పెట్టి పడుకోబెట్టేవాడు. ఎనిమిదో రోజున తప్పిన చోటు చూసుకున్నాను: పదాల మీదే శక్తంతా పెట్టి న్యూజెర్సీ భాగాన్ని తేలిగ్గా తీసుకున్నాను. అందులో అన్నీ గడువులూ అంకెలూ. కొంటామని రాసిచ్చిన కాగితాన్ని 24 గంటల లోపు అమ్మేవాళ్ళకి అందించాలి. చేతికొచ్చిన బయానాని బ్రోకరు అయిదు పనిదినాల్లో, ఇతరుల డబ్బు విడిగా ఉంచే ట్రస్టు ఖాతాలో వేయాలి. రికార్డులు ఆరేళ్ళు దాచాలి. సేల్స్‌పర్సన్ తన బ్రోకరు నుంచి తప్ప ఇంకెవరి దగ్గరా కమిషన్ పుచ్చుకోకూడదు. కొనేవాళ్ళ డబ్బుని తన ఖాతాలో ఒక్క పూట ఉంచుకున్నా లైసెన్స్ పోవచ్చు. నాన్న కట్టిన అడ్వాన్సు ఆ బ్రోకరు జేబులోకే వెళ్ళింది. ఆ నియమాలు అలా ఒక్కొక్కటీ నాన్న కథ పక్కన పెట్టుకుని చదివితే మరిచిపోయే ప్రశ్నే లేదు. అక్టోబరులో మళ్ళీ రాశాను. పాసయ్యాను.

వేలిముద్రలకి అరవై పైచిలుకు డాలర్లు, లైసెన్స్‌కి 160 డాలర్లు. వేలిముద్రల పని పది నిమిషాల్లో అయింది.

బ్రోకరుని వెతుక్కోవడానికి మాత్రం నాలుగు వారాలు పట్టింది. ఇక్కడ కొత్తవాళ్ళు తొందరపడతారు, పడొద్దు. లైసెన్స్ రాబోతోందని తెలిస్తే చాలు, చేర్చుకుంటామని ఫోన్లు వస్తూనే ఉంటాయి. ముగ్గుర్ని కలిశాను. ఒకచోట కమిషన్‌లో తొంభై శాతం నీకే అన్నారు, కానీ నెలనెలా డెస్కు ఫీజు, ప్రతి కాగితానికీ ఒక ఫీజు, నేర్పే మనిషి ఎవరూ లేరు. ఇంకోచోట ముందు మీ బంధువులు, స్నేహితులు వందమంది పేర్లు రాసివ్వండి అన్నారు. నా వాళ్ళ నంబర్లు అలా జాబితాలా అప్పగించడం నాకు నచ్చలేదు. మూడోచోట వాటా తక్కువ, కానీ మొదటి మూడు ఇళ్ళకి ఒక సీనియర్ పక్కనుంటారని కాగితం మీద రాసిచ్చారు. అక్కడే చేరాను. మొదటి ఏడాది మన చేతికొచ్చే శాతం కన్నా, ఒప్పందం రాసేటప్పుడు పక్కన కూర్చునే మనిషి ముఖ్యం. ఇది నేను గట్టిగా నమ్ముతాను.

చేరాక మళ్ళీ ఖర్చులు: రియల్టర్ల సంఘం చందా, ఇళ్ళ జాబితాలుండే ఎంఎల్ఎస్ చందా, తాళాలు తీసే యాప్, కార్డులు. నాకు వెయ్యి డాలర్లు దాటింది. జీతం ఉండదు. నవంబరులో లైసెన్స్ వచ్చింది, మొదటి చెక్కు చేతికి రావడానికి మే నెలైంది. ఆ ఆరేడు నెలలూ ఇల్లు నడవడానికి ఇంకో ఆదాయం ఉండాలి. మాకు ఉంది కాబట్టి నేను నిలబడగలిగాను.

ఆ మొదటి ఇల్లు గురించి చెప్పాలి. పెళ్ళై రెండేళ్ళైన జంట, ఇద్దరివీ గుంటూరు వైపు. అమ్మాయి ఏడో నెల గర్భంతో ఉంది. 1950ల్లో కట్టిన చిన్న ఇల్లు, తూర్పు గుమ్మం, కొత్త వంటగది, గోడలకి తెల్లరంగు. చూడగానే ఇద్దరి ముఖాలూ వెలిగాయి. వాళ్ళు లోపల గదులు కొలుచుకుంటుంటే నేను ఇంటి చుట్టూ తిరిగాను. మాస్టారు చెప్పిన అలవాటు అది. వెనక వైపు పొదల మధ్యలో, గోడకి జానెడు దూరంలో, నేలలోంచి ఒక ఇనుప గొట్టం మోకాలెత్తు లేచి ఉంది, తుప్పు పట్టిన మూతతో. లోపల చూస్తే గ్యాస్ ఫర్నేసు, కొత్తది. మరి ఈ గొట్టం ఎందుకు?

న్యూజెర్సీలో పాత ఇళ్ళు చాలా వాటికి ఒకప్పుడు ఆయిల్‌తో వేడి. ఆ ఆయిల్ ట్యాంకుని పెరట్లో పాతిపెట్టేవారు. తర్వాత గ్యాస్ వచ్చింది, ట్యాంకు మట్టిలోనే మిగిలిపోయింది. ఇనుము తుప్పుపట్టి ఆయిల్ నేలలోకి దిగితే ఆ మట్టంతా తవ్వి శుభ్రం చేయించే బాధ్యత ఇంటి యజమానిదే, ఖర్చు వేలల్లో ఉంటుంది, కొన్నిసార్లు ఇంకా చాలా ఎక్కువ. మామూలు ఇంటి ఇన్సూరెన్సులు దీన్ని చాలావరకు భరించవు. ఇల్లు కొన్నాక బయటపడితే, యజమాని ఆ జంటే.

నేను సీనియర్‌కి ఫోటో పంపాను. ఆఫర్ పెట్టేటప్పుడే ట్యాంకు వెతికించే షరతు రాయించాం, లాయరు ఆ మూడు రోజుల్లో దాన్ని ఇంకా బిగించారు. పరికరంతో వచ్చినతను పెరట్లో గీతలు గీసినట్టు నడిచి ఒకచోట ఆగి, నారింజరంగు జెండా గుచ్చాడు. ట్యాంకు ఉంది. అబ్బాయి నా వైపు చూసి, "అక్కా, వదిలేద్దామా?" అన్నాడు. అమ్మాయికి ఇల్లు బాగా నచ్చింది, ఏం మాట్లాడలేదు. ఇల్లు వదిలేయమనీ కొనమనీ నేను చెప్పలేదు. వదిలేస్తే ఏమవుతుంది, అమ్మేవాళ్ళు తీయిస్తే ఎన్నాళ్ళు పడుతుంది, మట్టి పరీక్షలో ఏం చూడాలి, ఏ కాగితం చేతికొచ్చేదాకా సంతకం పెట్టకూడదు, ఇవన్నీ వాళ్ళ వంటగది బల్ల మీద కాగితం పెట్టి రాసిచ్చాను. అమ్మేవాళ్ళు తమ ఖర్చుతో తవ్వించారు. మట్టి శుభ్రంగా ఉంది, టౌన్‌షిప్ ఇన్‌స్పెక్టరు చూసి సంతకం చేశారు. క్లోజింగ్, అంటే ఇల్లు చేతులు మారే రోజు, ఆరువారాలు వెనక్కి జరిగింది. పసిబిడ్డతోనే ఆ ఇంట్లోకి వెళ్ళారు.

కమిషన్ గురించి మనవాళ్ళు తప్పకుండా అడిగే ప్రశ్న: "సగం వెనక్కి ఇస్తావా?" న్యూజెర్సీలో కొనేవాళ్ళకి రిబేటు ఇవ్వడం చట్టబద్ధమే, ముందే రాతపూర్వకంగా ఒప్పుకుని, బ్రోకరు ద్వారా జరగాలి. కాబట్టి ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు, సూటిగా మాట్లాడుకుంటాం. ఇంకో మాట మాత్రం కుదరదు: "పార్టీని నేనే పంపాను, నాకేమైనా చూడండి." లైసెన్స్ లేనివాళ్ళకి వాటా ఇస్తే ఇచ్చినవాళ్ళకి ముప్పు. మన సభల్లో, వాట్సాప్ గుంపుల్లో ఇలా మధ్యలో ఉండి చేతులు చాచేవాళ్ళున్నారు. వాళ్ళకి ఇచ్చేది చివరికి కొనేవాళ్ళ ఇంటి ధరలోంచే వస్తుంది.

2024 ఆగస్టులో రూల్స్ మారాయి. ఆ నెల 1వ తేదీ నుంచి ఈ రాష్ట్రంలో కొత్త చట్టం, 17 నుంచి దేశమంతటా రియల్టర్ల సంఘం కోర్టు దావాలో చేసుకున్న రాజీ ఒప్పందం. ఇప్పుడు ఇల్లు చూపించే ముందే నాకెంత, ఎవరిస్తారు, ఎన్నాళ్ళు అనేది కొనేవాళ్ళతో రాసుకోవాలి. అమ్మేవాళ్ళు ఇంటి స్థితి గురించి నిర్ణీత పత్రం నింపి ఇవ్వాలి, వరద ముప్పు సంగతితో సహా. పాత ఏజెంట్లు కొందరు విసుక్కున్నారు. నాకైతే ఇది ముందునుంచీ ఉండాల్సిందే అనిపించింది. డబ్బు మాట మొదటి ఫోన్‌లోనే అయిపోతే ఆ తర్వాత చూసే ప్రతి ఇంట్లో మొహమాటం లేకుండా మాట్లాడుకోవచ్చు.

లైసెన్స్ రెండేళ్ళకోసారి, బేసి సంవత్సరం జూన్ 30కి తిరగరాయించుకోవాలి. ఈలోపు 12 గంటల చదువు, ఏప్రిల్ 30 కల్లా. 2025లో నా మొదటి రెన్యువల్ అయింది.

ఆ వేసవిలోనే అమ్మా నాన్నా వచ్చారు. ఒక మధ్యాహ్నం నాన్న భోజనాల బల్ల దగ్గర పేపరు లేక ఊరికే కూర్చుని ఉంటే, మా ఇంటి ఫైలు తెచ్చి ముందు పెట్టాను. అందులో టైటిల్ కంపెనీ వెతికిచ్చిన కాగితాలున్నాయి. నాన్న కళ్ళజోడు సర్దుకున్నారు.

"ఎన్నేళ్ళు వెనక్కి చూస్తారమ్మా వీళ్ళు?"

"ఇక్కడ మామూలుగా అరవై ఏళ్ళు, నాన్నా."

"అరవయ్యా." కాసేపు పేజీ మీద చెయ్యి వేసి ఉంచారు. "ఆ తర్వాత కూడా ఎవరైనా వచ్చి ఇది మాదంటే?"

టైటిల్ ఇన్సూరెన్స్ గురించి చెప్పాను. కొనేటప్పుడు ఒక్కసారి కడితే చాలు, వెనకటి తప్పు ఏదైనా తర్వాత బయటపడితే కోర్టు ఖర్చు, నష్టం ఆ కంపెనీ చూసుకుంటుంది, పాలసీ మొత్తం దాకా.

నాన్న ఇంకేమీ అడగలేదు. ఫైలు నా వైపు తిప్పి, "మొదటి పేరు దగ్గర్నుంచి చదువు. ఎవరు ఎవరికి అమ్మారో వింటాను" అన్నారు. కుర్చీ దగ్గరికి లాక్కుని చదవడం మొదలుపెట్టాను.